ఎనిమిదో నంబరు బూట్లు

ముందు పోయినవి లెక్క రాస్తాను. టార్చిలైట్లు రెండు. వైర్‌లెస్ సెట్ బ్యాటరీ ఒకటి. వాన నీళ్లలో కొట్టుకుపోయిన అన్నం గిన్నె ఒకటి. నా ఒంటి బరువు ఐదు కిలోలు. బీట్ గార్డు కాలిగోళ్లు రెండు, రెండూ కుడికాలివే. ఆమె సీనియారిటీ ఒక ఏడాది. మా ఐదుగురికి పైవాళ్ల మీదున్న గౌరవం, ఐదుకు ఐదు.

నేను ఫిరంగి దళంలో పదిహేడేళ్లు చేసి, హవల్దారుగా కరీంనగర్‌కు తిరిగొచ్చినవాణ్ణి. పదో తరగతి తప్పాను. దూరాల లెక్క, కోణాల లెక్క నాకు నేనే నేర్చుకున్నాను. మాజీ సైనికుల కోటాలో, టేకు వనాలకు కాపలా పెట్టే ఒక సర్కారు సంస్థలో పని దొరికింది. జైనూర్ కొండల్లోని క్యాంపుకు నాలుగు నెలలు ఇన్‌ఛార్జిగా పంపారు. ఊళ్లో అందరూ నన్ను సరిహద్దు సంగతులు అడుగుతారు. సరిహద్దులో శత్రువు ఏ వైపున ఉంటాడో తెలుసు. చెప్పాల్సింది ఈ నాలుగు నెలల గురించే.

జూలై నడిమి. ఆదిలాబాద్‌లో రిపోర్టు చేసి, ఉట్నూర్ మీదుగా జైనూర్ చేరాను. అక్కడి నుంచి జీపులో పద్నాలుగు కిలోమీటర్లు. చివరి మూడు ఆ రోజు బురదకు నడక. సాయంత్రం నాలుగూ నలభైకి క్యాంపులో దిగాను. ముసురు పట్టి ఉంది. రేకుల షెడ్డు, నీళ్ల డ్రమ్ములు రెండు, వైర్‌లెస్ సెట్, చుట్టూ జిగట నల్లమట్టి. అడుగు వేస్తే మట్టి బూటును పట్టుకుని వదలదు.

మనుషులు నలుగురు. వైర్‌లెస్ ఆపరేటర్, ఆదిలాబాద్‌వాడు, ఇంట్లో మరాఠీ మాట్లాడతాడు. వాచర్లు ఇద్దరు, పక్క గూడెం గోండులు. ఒకడు పెద్దవాడు, ఒకడు నడివయసువాడు. నాలుగో మనిషి బీట్ గార్డు. నిర్మల్ దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఇరవై ఆరేళ్ల అమ్మాయి. వాళ్లది మిషన్ చర్చి కుటుంబం, బాపు వ్యవసాయ కూలీ. ఆమెకు ఇది పరీక్ష డ్యూటీ. నాలుగు నెలల్లో తొమ్మిది వందల కిలోమీటర్ల గస్తీ లెక్కకు వస్తేనే ఉద్యోగం పక్కా అవుతుంది.

ఆర్డర్లు సూటిగా ఉన్నాయి. గస్తీ ఉదయం ఆరు నుంచి పదకొండు. దూరం పదకొండు కిలోమీటర్లు. తిరిగొచ్చాక ఇన్‌ఛార్జి రిజిస్టర్ రాయాలి: పేరు, దూరం, యూనిఫాం.

ముప్పై మూడో గస్తీ రోజున జీపు ఒక డబ్బా దింపింది. లోపల కొత్త బూట్లు, ఐదు జతలు. పైన ఒక ఉత్తరం. సంస్థలో సమానత్వ కమిటీ ఒకటి పుట్టిందట. ఇకపై ఆడ, మగ, కులం, మతం, ప్రాంతం అనే తేడా లేకుండా సామాను అందరికీ ఒకే తీరుగా ఇస్తారట. ఆపరేటర్ బూట్లు తిరగేసి చూశాడు.

“సార్, అయిదు జతలూ ఎనిమిదో నంబరే.”

“నాది నాలుగు సార్,” అంది బీట్ గార్డు.

“నాది పది,” అన్నాడు పెద్ద వాచర్. “కాలి ఏళ్లు కోసుకొని ఎక్కియ్యాల్నా?”

నాది ఎనిమిదే. ఆ రోజు ఆ డబ్బాలో నాకు ఏ లోపమూ కనబడలేదు. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

వైర్‌లెస్‌లో స్టోరును పిలిచాను. “కంట్రోల్, క్యాంపు మూడు. నాలుగో నంబరు ఒక జత, పదో నంబరు ఒక జత పంపాలి. ఓవర్.”

“క్యాంపు మూడు, జర సమజ్ చేస్కోండ్రి. ఆడామెకు వేరే నంబరిస్తే తేడా చూపినట్టయితది. నా మీద రిపోర్టు రాస్తరు. కమిటీ ఆర్డరు, అందరికీ ఒక్కటే. ఓవర్ అండ్ ఔట్.”

పదిహేడేళ్లలో చాలామంది మూర్ఖుల కింద పనిచేశాను. కాళ్లన్నీ ఒకే కొలతకు రావాలని ఆర్డరు వేసిన మూర్ఖుణ్ణి మాత్రం అదే మొదటిసారి చూడడం.

పాత నియమం ప్రకారం, సంస్థ బూట్లు ఇచ్చాక అప్పటిదాకా తొడిగిన సొంత బూట్లు కూడా పనికిరావు. ఆమె రెండు జతల మేజోళ్లు తొడిగి, ముందు గుడ్డలు కుక్కి నడిచింది. ఆ బూట్లతో తొమ్మిదో రోజుకు కుడికాలి బొటనవేలి గోరు ఊడింది. పన్నెండో రోజుకు పక్కది. పదమూడో రోజు నీలం ప్లాస్టిక్ చెప్పులతో వచ్చింది. దూరం ఒక్క అడుగు తగ్గించలేదు. నేను రిజిస్టర్‌లో ఉన్నది ఉన్నట్టు రాశాను: ‘బూట్లు లేవు, చెప్పులు.’

వారం గడిచాక అడిగింది. “సార్, గా చెప్పుల ముచ్చట రాయకుంటె ఏమైతది?”

“చూసింది రాయడం నా డ్యూటీ అమ్మా.”

“బూట్లున్నయని రాయుండ్రి సార్,” అన్నాడు నడివయసు వాచర్. “అడవేమన్న పోయి చాడీ చెప్తదా?”

ఆమె నవ్వలేదు. “అబద్ధం రాయుమంటలేను. ఎనిమిదో నంబరే పంపిండ్రని గూడ రాస్తున్నరా?”

“ఆ గడి రిజిస్టర్‌లో లేదు.”

“మంచిది సార్,” అని వెళ్లిపోయింది.

గడి లేని మాట నిజం. గీసుకోవచ్చు. పెన్ను నా చేతిలోనే ఉంది, స్కేలు నా పెట్టెలోనే ఉంది. గీయలేదు. నా రిజిస్టర్‌లో కొట్టివేత ఒక్కటి కూడా లేదని నాకు గర్వం.

నవంబరు నడిమిలో, నా డ్యూటీ ముగియడానికి రెండు రోజుల ముందు, కమిటీ వచ్చింది. రెండు కార్లు, ముగ్గురు ఆఫీసర్లు, ఒక గుమస్తా, ఒక బ్యానర్. ఫొటో కోసం బీట్ గార్డును నడుమ నిలబెట్టారు. బూట్లు తొడుక్కోమన్నారు. ఆమె పక్క చేలో నాలుగు గుప్పెళ్ల పత్తి అడిగి తెచ్చుకుని, ముందు భాగంలో కుక్కుకుని నిలబడింది.

తర్వాత మమ్మల్ని లెక్కపెట్టారు. ఆమెకు మూడు టిక్కులు: మహిళ, మైనారిటీ, గ్రామీణం. వాచర్లకు చెరి రెండు: గిరిజన, గ్రామీణం. ఆపరేటర్‌కు మరాఠీ కింద ఒకటి. నాకు మాజీ సైనికుడి కింద ఒకటి. ఐదుగురం వాళ్ల కాగితం మీద తొమ్మిది మందిమయ్యాం. పెద్ద ఆఫీసరు మురిసిపోయి, జిల్లా మొత్తంలో ఇంత వైవిధ్యం ఇంకెక్కడా లేదన్నాడు. తొమ్మిది మందికి నీళ్ల డ్రమ్ములు రెండే ఉన్నాయని, ఆడమనిషికి చాటైన మరుగు ఒక్కటీ లేదని నేను చెప్పాను. అది వేరే సెక్షన్ అన్నాడు.

గుమస్తా నా రిజిస్టర్ తెరిచాడు. గస్తీ రోజులు తొంభై ఎనిమిది. అందులో చెప్పుల రోజులు యాభై మూడు.

“యూనిఫాం లేని గస్తీ లెక్కల రాదు,” అన్నాడు. “మిగిలింది నలభై అయిదు రోజులు. నాలుగు వందల తొంభై అయిదు కిలోమీటర్లు. ఫెయిల్.”

“ఆమె నడిచింది. నేను చూశాను,” అన్నాను.

“మీరు రాసిందే గద సార్ నేను చదువుతున్నది? మస్తు సాఫ్‌గ రాసిండ్రు.”

బూట్ల సంగతి మొదటి నుంచి చెప్పాను. ఆఫీసరు ఓపిగ్గా విన్నాడు. “ఒక్కామె కోసం రూలు మారిస్తే అది సమానత్వం ఎట్లయితది హవల్దార్ సాబ్?” అన్నాడు. మాట బాగుందని తనకే అనిపించినట్టుంది. పక్కవాణ్ణి రాసుకోమన్నాడు.

కార్లు వెళ్లాక ఆమె బండ మీద కూర్చుని బూట్లు విప్పింది. పత్తి బయటికి లాగింది. సగం తెలుపు, సగం ఎరుపు. “ఫికర్ జెయ్యకుండ్రి సార్,” అంది నాతో.

మర్నాడు గస్తీకి సెలవు. సాయంత్రం రిజిస్టర్ మూసి, సీలు వేసి, జీపులో వచ్చిన మనిషికి అప్పగించాను. ఆ తెల్లారి ఆరుకు బ్యాగు భుజాన వేసుకుని బయటికొచ్చేసరికి ఆమె గస్తీకి సిద్ధంగా ఉంది.

“ఇవాళ నడిస్తే రాసేవాళ్లెవరూ లేరమ్మా. రిజిస్టర్ వెళ్లిపోయింది.”

“చెట్లు పోలే గద సార్,” అంది. “మీరు పైలంగ పోండ్రి.”

చల్లటి పొద్దు. రెండు వైపులా విచ్చుకున్న పత్తి చేలు, నడుమ బాట. ఖాకీ చొక్కా, నీలం చెప్పులు, ఒకదాని వెనక ఒకటి లేస్తున్న పగిలిన మడమలు. బాట వంపు తిరిగేదాకా నిలబడి చూశాను. ఇప్పుడు కరీంనగర్‌లో పొద్దున్నే తలుపు తీస్తే నాకు ముందు కనబడేవి ఆ మడమలే.

ఆమెకు మరో ఏడాది పరీక్ష డ్యూటీ వేశారు. నేను మూడు అర్జీలు పెట్టాను. మూడింటికీ ఒకటే జవాబు: బూట్లు కావలసినవి ఐదు, ఇచ్చినవి ఐదు, తేడా లేదు.

తేడా ఉంది. యాభై మూడు రోజులు, రోజుకు పదకొండు చొప్పున, నేను రాసి పోగొట్టినవి ఐదు వందల ఎనభై మూడు. రిజిస్టర్ లేని ఆ చివరి పొద్దుటివి పదకొండు. ఆమెకు ఈ రోజుకీ బాకీ ఐదు వందల తొంభై నాలుగు కిలోమీటర్లు.