అవ్వ గోడకి అంటించుకున్న నా భయం

తుడియలూరులో మా చిన్నప్పుడు... జనవరి ఒకటిన పొద్దున చర్చిలో ఆరాధన అయ్యాక పళ్లెంలో బైబిల్ వాక్యం కార్డులు పెట్టేవారు. కళ్లు మూసుకుని తలా ఒకటి తియ్యాలి. ఏ వాక్యం వస్తే, ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట అదే!

ఇంట్లో తెలుగు, చర్చిలో అరవం మాకు. మా అవ్వకి రెండూ చదవడం రాదు. ఆమె కార్డు నేనే చదివి చెప్పాలి.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. నా కార్డు మీద కొండ బొమ్మ... కింద దేవునికి భయపడమని వాక్యం. గుండె ఝల్లుమంది. ముందురోజే అమ్మ దాచిన మురుకులు తినేసి, ఎలుకల మీదికి నెట్టాను మరి! అవ్వ కార్డు మీద పూల బొమ్మ, సమాధానం... అంటే మనశ్శాంతి గురించిన వాక్యం. చదువు రాదు కదా అని రెండూ మార్చేశాను. భయం కార్డుని ఆమెదే అన్నట్టు చదివి వినిపించాను.

అవ్వ దాన్ని అన్నం మెతుకులతో వంటింటి గోడకి అంటించుకుంది. ఇక చూడండి నా పాట్లు... ఆమె దగ్గినా, కాలు జారినా నా వల్లే అనిపించేది.

మార్చిలో తమ్ముడు పుట్టాడు. అవ్వ నన్ను చాప మీద కూర్చోబెట్టి వాణ్ణి నా ఒళ్లో పెట్టింది. చేతులు గజగజ వణికాయి.

"బయంగా ఉండాదా కణ్ణూ?"

"ఊఁ..."

"వాణ్ణి ఇచ్చేసి పరిగెత్తి పోతావా?"

"ఊహూఁ... నేనే ఎత్తుకుంటా."

"ఆ కార్డులో ఉండే బయమూ ఇదే."

ఏడ్చేశాను. కార్డులు మార్చిన సంగతి చెప్పేశాను. అవ్వ నవ్వింది.

"చదువు రాకుంటే బొమ్మ కూడా తెలీదా కణ్ణూ? నాకు వచ్చింది పూలది. నువ్వు బయపడినావు... సరి, అది నా కాడే ఉండనీ అనుకొంటి."

మొన్న పాస్టరయ్య చెప్పారు... బైబిల్లో ఆ భయానికి హెబ్రీ మాట 'యిరా' అట. భయమనే అర్థం, కానీ చాలా గొప్పదాని ముందు నిలబడినప్పుడు పుట్టే వణుకూ భక్తీ కూడా అందులోనే ఉన్నాయట. అందరూ రాసుకుంటున్నారు. నేను అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాను. అవ్వ పక్కన ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

ఇప్పుడు జనవరి ఒకటిన వాక్యం కార్డు తెల్లారేసరికి ఫోన్‌లోకే వచ్చేస్తోంది. పళ్లెం లేదు, మార్చుకోవడానికి అవ్వా లేదు... మీ భయాన్ని అడక్కుండానే తీసుకుని తన గోడకి అంటించుకున్న మనిషి మీకూ ఉండే ఉంటారు. ఎవరో చెప్పరూ?