నెల తప్పిందా అని నర్సమ్మ అడిగిన రోజు

ఇలా వచ్చి కూకోయే. సరిగ్గా ఇను. నేను సెప్పింది సెప్పినట్టు రాయి, నీ సొంతం కలపకు.

మీ మంగత్త సంగతి ఇది. పెళ్లయిన ఏడాదికి అనకాపల్లి మనింటికొచ్చింది. కుళాయి దగ్గర బిందె ఎత్తబోయి కూలబడిపోయింది. "అమ్మా, గుండె పరిగెడతంది, ఆగట్లేదు" అంది. సెయ్యేసి సూత్తే కోడిపిల్లని గుప్పిట్లో పట్టుకున్నట్టుంది. నీరసమేలే అని మజ్జిగ పట్టేను. ఇంకో రెండుసార్లు అలాగే వచ్చేక మీ తాత వైజాగ్ తీసుకెళ్లేడు.

ఈసీజీ సూసి డాక్టరు, "ఎస్‌వీటీ అమ్మా. గుండెలో కరెంటుకి ఒక దారి ఎక్కువుంది. తొడ దగ్గర్నించి సన్న తీగ పంపి దాన్ని కాల్చేస్తాం, ఎబ్లేషన్. తీగ ఎక్కడుందో ఎక్స్‌రేలో చూసుకుంటూ చేస్తాం" అన్నాడు.

అది సేసే రోజు పొద్దున్న ఆసుపత్రిలో నర్సమ్మ కాగితం పట్టుకొచ్చి అడిగింది. "నెల తప్పిందా?"

తప్పింది. పది రోజులు దాటింది. నాకూ మంగకీ తప్ప ఎవరికీ తెలీదు. మూడో నెల వచ్చేదాకా బయటికి సెప్పకూడదు, దిష్టి తగులుద్దని మా అమ్మ నాకు నేర్పింది, నేను దానికి నేర్పేను. మంగ నా మొకం సూసింది. నేనే "లేదమ్మా" అన్నాను. నర్సమ్మ రాసుకుని ఎల్లిపోయింది.

లోపల రెండు గంటలు. దడ తగ్గిందన్నారు. మూడు వారాలకి కడుపు పోయింది.

ఏడుత్తా డాక్టరుకి సెప్పేను. ఆయనన్నాడు, "ముందే చెప్పుంటే మందులతో నెట్టుకొచ్చి కాన్పయ్యాక చేసేవాళ్లం. ఛాతీకి పెట్టిన ఎక్స్‌రే కడుపుదాకా వెళ్లేది చాలా తక్కువమ్మా. మొదటి నెలల్లో వాటంతటవే పోయేవీ ఉంటాయి. దానివల్ల కాకపోవచ్చు. ఖాయంగా మాత్రం చెప్పలేను."

ఆ ఆఖరి మాట పట్టుకునే ఉన్నానే నేను, ఇప్పటికీ.

ఎనిమిది నెలలకి దడ మళ్లీ వచ్చింది. ఈసారి హైదరాబాద్. నేనే అడిగి ముందు మూత్రం టెస్టు సేయించేను. లేదని వచ్చింది. "ఎక్స్‌రే తగ్గించండి బాబూ, పిల్లలు పుట్టాల్సిన పిల్ల" అన్నాను. ఆ డాక్టరు ఎక్స్‌రే తగలకుండా ఏసుకునే సీసం కోటు తొడుక్కుంటా నవ్వేడు. "అమ్మగారూ, రోజూ దాని పక్కన నిలబడేది మేము. ఈ కోటు మోసి నడుం పోయింది. మీకంటే నాకే భయం." అక్కడ మ్యాపింగ్ మిషనుందంట. తీగ తిరిగిన సోటల్లా గుండె బొమ్మ తెర మీద గీసేత్తది. ఎక్స్‌రే కొద్ది నిమిషాలే వాడేమని బయటికొచ్చి సెప్పేడు.

దడ మళ్లీ రాలేదు. కడుపూ మళ్లీ నిలవలేదు.

ఇది పెద్దక్షరాలతో రాయి. ఆసుపత్రిలో అడిగితే ఉన్నది ఉన్నట్టు సెప్పండి. ఇంట్లో దాసుకునేది అక్కడ దాసకండి. ఎక్స్‌రే ఎంతసేపు పెడతారు, తగ్గించే దారుందా అని మీరే అడగండి. ఎవరూ ఏటీ అనుకోరు.

ఇంకోటుంది. "నర్సు అడిగితే నోట్లో ఏటున్నాదే నీకు" అని అత్తోరు మంగనే తిట్టేరు. అది నా పేరు సెప్పలేదు. ఒక్కసారి కూడా. వాళ్లకి ఇప్పటికీ తెలీదు. ఈ ఆదివారం మంగని దిగబెట్టడానికి నేనే ఆ ఇంటికెళ్లి, లేదన్నది నేనని నా నోటితో అల్లుడికి...

"అమ్మా! అన్నం సల్లారిపోతంది, రా!"

అదిగో మంగ. వత్తన్నానే, వత్తన్నాను.