ఖాళీ డబ్బా, గొంతులో నిమ్మకాయ

నేను చావబోతున్నానని మా ఇంట్లో అందరికంటే ముందు నా ఫోన్‌కు తెలిసింది. ఆ ఘనకార్యం చెబుతాను. నవ్వండి, పర్లేదు, మా గల్లీ మొత్తం ఎప్పుడో నవ్వేసింది.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి పైవాటాలో కృష్ణా జిల్లా లక్ష్మి ఆంటీ కిరాయికి ఉండేది. ఆమె డబ్బాలో గోంగూర పచ్చడి కిందికొస్తే, అదే డబ్బాలో మా అమ్మ సకినాలు పైకెళ్లేవి. ఖాళీ డబ్బా తిరిగివ్వడం రెండిళ్లలోనూ లేదు. ఒకరోజు టీవీ చూస్తూ ఆంటీ, "రాష్ట్రం కలిసుంటే ఏం పోయిందే?" అంది. నాకు సర్రున కాలింది. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, రాష్ట్రం మీద కోపం డబ్బా మీద తీర్చుకున్నాను. కడిగి, తుడిచి, ఖాళీగా ఆమె చేతిలో పెట్టి, "తెలంగాణ వచ్చేదాకా మీ పచ్చడి ముట్ట" అన్నాను. ఆంటీ మూత పెట్టుకొని పైకెళ్లిపోయింది.

తర్వాత మూడు రోజులు మా ఉద్యమంవాళ్లు రోడ్డు మీదే వండి పెట్టే వంటా వార్పులోనే నా తిండి: మిర్చీలు, పులిహోర, లెక్కలేనన్ని చాయ్‌లు. నాలుగో రోజు గొంతులో నిమ్మకాయ ఇరుక్కున్నట్టుంది. మింగితే పోదు, కక్కితే రాదు. పైగా వికారం. ఫోన్‌ను అడిగాను. కోతి పుండు బ్రహ్మరాక్షసి కావడానికి కోతికి ఎన్నాళ్లు పట్టిందో గానీ, నెట్‌లో రెండు నిమిషాలు చాలు: గొంతు క్యాన్సర్.

చచ్చేముందు ఒక్క పనే మిగిలిందనిపించింది. మెట్లెక్కాను. "ఆంటీ, నేను పోతున్న. డబ్బా సంగతి మనసుల పెట్టుకోకు."

"ఎక్కడికే?"

ఫోన్ చూపించాను. ఆమె చదవనైనా చదవకుండా చెప్పులేసుకుంది. ఆరోజు బంద్. బస్సుల్లేవు, ఆటోల్లేవు. ఎల్‌బీ నగర్‌లో ఒక దవాఖాన తెరిచుందని తెలిసి నడిపించింది. కొత్తపేట దగ్గర రోడ్డుకు అడ్డంగా మావాళ్లే కూర్చున్నారు. ఆంటీ యాస వింటే ఏమంటారోనని నాకు దడ. ఆమె మాత్రం నా చెయ్యి వదల్లేదు.

"మా పిల్లకి ఒంట్లో బాలేదు, కాస్త దారివ్వండి నాయనా."

లేచి దారిచ్చారు. ఒకతను నీళ్ల ప్యాకెట్ కూడా చేతిలో పెట్టాడు. ఆ 'మా పిల్ల' వినగానే నా గొంతులో నిమ్మకాయ కాస్తా బత్తాయి అయింది.

డాక్టర్ గొంతు చూశాడు, మెడ నొక్కాడు, అన్నం దిగుతుందా, బరువు తగ్గావా అని అడిగాడు. నా మూడు రోజుల భోజనం విని నవ్వాడు. "కడుపుల యాసిడ్ పైకి తంతే గిట్లనే ఉండ అడ్డంపడ్డట్టు అనిపిస్తది, కడుపుల తిప్పుతది. రంది పెట్టుకున్నా, ఏడుపు మింగినా గంతే. ఎవరితోనన్న కొట్లాడినవా?"

నేను ఆంటీని చూశాను. ఆంటీ గోడమీది క్యాలెండర్ చూసింది. అక్కడే బోరుమన్నాను. సగం నిమ్మకాయ మందు రాయకముందే కరిగింది. మిగతా సగానికి పదిహేను రోజుల మాత్రలు రాసి, చాయ్, మిర్చి, పచ్చళ్లు బంద్ అన్నాడు. అప్పటికీ తగ్గకపోతే మళ్లీ రమ్మన్నాడు.

సాయంత్రం డబ్బా కిందికి దిగింది. ఆత్రంగా మూత తీస్తే పెరుగన్నం.

"గోంగూర ఏది ఆంటీ?"

"తెలంగాణ వచ్చేదాకా ముట్టనన్నావుగా. ముందు డాక్టర్ మాట నెగ్గనీ, నీ మాట తర్వాత చూద్దాం."

కాబట్టి ఆ స్టీలు డబ్బా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: గొంతులో ఏం అడ్డుపడ్డా ఇక ఫోన్‌ను అడగను, ఎవరి డబ్బా ఖాళీగా తిరిగివ్వను, రాష్ట్రానికీ పచ్చడికీ ముడిపెట్టను. ఎందుకంటే, చెప్పొద్దూ, తెలంగాణ కంటే గోంగూరే ముందొచ్చింది. పదహారో రోజు పొద్దున్నే.