గాజుబొమ్మ

కలప మిల్లు ఓనరుకి ప్రాణమంటే మహా తీపి. కాఫీ ఊది ఊది గాని నోట పెట్టడు, కుర్చీ కాళ్ళు కదిపి చూసుకుంటే గాని కూర్చోడు, మెట్టుమెట్టుకీ గోడ పట్టుకుంటాడు. పనివాళ్ళు చాటుగా "గాజుబొమ్మ" అంటారు. ఆ గాజుబొమ్మే, పని నెమ్మదిస్తోందని కోత మిషను బెల్టు మీద చేతులు పడకుండా బిగించిన ఇనప జాలీ పీకించేశాడు. ఆ బెల్టు ఒక పనివాణ్ణి చెయ్యి పట్టి లోపలికి లాగేసుకుంది. శవం మీద పడి ఏడుస్తున్న తల్లితో, "ఊరుకోమ్మా, పనేం ఆగదులే. వాడి చోటికి ఇంకొకడొస్తాడు" అన్నాడు. పాపం, ఓదారుస్తున్నాననే అనుకున్నాడు.

ఇవాళ ఆ చావుకి మూడేళ్ళు జైలని జడ్జిగారు చదివేసరికి, గబుక్కున బోను కమ్మీ పట్టుకున్నాడు. కమ్మీ ఊగింది. దాంతో ఒళ్ళు మండిపోయింది. "ఇదేం బోనండీ! మేకులూడిపోయి ఉంది. నేను పడి చస్తే ఎవరిది పూచీ?" అని అరిచాడు. జడ్జిగారు తర్వాతి కేసు కాగితాలు తీశారు. వెనక బెంచీ మీంచి ఆ తల్లే మెల్లగా జవాబిచ్చింది. "ఊరుకో నాయనా, పనేం ఆగదులే. నీ చోటికి ఇంకొకడొస్తాడు."

ఈ మాట ఎక్కడో విన్నానే అనుకున్నాడు ఓనరు. జైలు బండి ఎక్కేదాకా ఆలోచించినా, ఎక్కడో గుర్తు రాలేదు.