సైరన్ విని ఏట్లోకి ఉరికొచ్చిన ఊరు

పాకిస్తాన్‌తో యుద్ధం ముగిసిన మరుసటి ఎండాకాలం అది. నాంపల్లి స్టేషన్ వెనక సందులో రెండు గదులు కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళం. ముందుగది మా ఆయన మోటార్ వైండింగ్ దుకాణం, వెనకది మా కాపురం. పాలమూరు పల్లె నుంచి వచ్చిన నాకు మొదట్లో ఆ ముందుగదిలో అడుగుపెట్టాలంటేనే జంకు. తర్వాత వంట ముగిశాక ఊరికే కూర్చోలేక ఆయన పక్కన చేరాను. రాగితీగ చుట్టలు చుట్టడం, వాటికి వార్నిష్ పట్టించడం నేర్చుకున్నాను.

ఒకరోజు కోస్తా మాట మాట్లాడే ఇంజనీరు ఒకాయన రిక్షాలోంచి పాత సైరన్ దింపించాడు.

"అబిడ్స్‌లో అన్ని షాపులూ తిరిగానండీ. కొత్తది రావాలంటే వానాకాలం దాటిపోతుందట. దీన్నే ఎలాగైనా బాగుచేయాలి" అన్నాడు.

ఆయన పనిచేసేది పక్క జిల్లాలో ఒక పాత డ్యాం మీద. దాని కింద చిన్న కరెంటు స్టేషన్. గేట్లు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. వానలు పడేలోగా ఒక్కో గేటు బాగుచేసి, ఎత్తి చూడాలి. ఎత్తితే నీళ్ళు ఏట్లోకి వస్తాయి. ఎండాకాలం ఏరు ఎండితే ఇసుకలో జనం కర్బూజ పాదులు పెడతారు, బట్టలు ఉతుకుతారు, బర్రెలను తోలుకొస్తారు. వాళ్ళు పక్కకు తప్పుకోవాలంటే సైరన్ మోగాలి.

మోటార్ లోపల తీగంతా మాడిపోయి ఉంది. పాత తీగ ఊడదీసి మా ఆయన అది కూర్చునే గాళ్ళు శుభ్రం చేశారు, చుట్టలు నేను చుట్టాను. పని పూర్తయ్యాక, ఓ మధ్యాహ్నం ముందూ వెనకా చూడకుండా స్విచ్ వేశాం. సందు అదిరిపోయింది. యుద్ధంలో దీపాలార్పించిన సైరన్ ఇంకా అందరి చెవుల్లో ఉంది కదా, తలుపులు దబదబా మూసుకున్నాయి. ఇంటి ఓనరమ్మ కొంగు నడుముకు దోపుకుంటూ వచ్చింది.

"ఏంది బిడ్డా గిది! మళ్ల జంగ్ షురూ అయిందా?"

"లేదమ్మా, డ్యాం కాడి సైరన్. బాగైందా లేదా అని చూస్తున్నం."

"గదే ముందుగాల జర చెప్తే అయిపోతుండె గదా! పక్కింటి ముసలామె మంచం కిందికి దూరింది, ఎంత పిలిచినా వస్తలేదు."

నేనే వెళ్ళి, నేలమీద కూర్చుని, బతిమాలి ఆమెను బయటికి తెచ్చాను. మర్నాడు మళ్ళీ మోగించే ముందు ఇంటింటికీ తిరిగి చెప్పాను. ఒక్కరూ విసుక్కోలేదు. ఆ ఓపికకు ఇప్పటికీ వాళ్ళకు మనసులో దండం పెట్టుకుంటాను.

సైరన్ బిగించడానికి మా ఆయనతో పాటు నేనూ బస్సెక్కాను, డ్యాం చూడాలని. మా సందులో జరిగిందంతా ఇంజనీరుకు చెబితే కడుపుబ్బా నవ్వాడు. నవ్వు ఆగాక కాసేపు ఆలోచించాడు.

"అయితే గేటు ముట్టుకోవద్దు. ముందు ఉత్త సైరన్ మోగిద్దాం. ఏట్లో ఉన్నవాళ్ళేం చేస్తారో చూద్దాం" అన్నాడు.

మోగించాం. పాదుల్లో ఉన్నవాళ్ళు ఒడ్డెక్కలేదు సరికదా, ఊళ్ళో ఉన్నవాళ్ళు కూడా ఆ వింత కూత ఏమిటో చూద్దామని ఉరికొచ్చి ఏట్లోకి దిగారు. చంకల్లో పిల్లలతో ఆడవాళ్ళు సైతం ఇసుకలో నిలబడి మావైపు చేతులూపుతున్నారు. ఇంజనీరు డ్యాం గోడమీద కూలబడ్డాడు. "నీళ్ళు వదిలి ఉంటే..." అన్నాడు.

ఆ సాయంత్రం నుంచే ముగ్గురం పాదుల వెంట తిరిగాం. ఇంజనీరు చెప్పేది వాళ్ళు తలూపి వినేవారు, కానీ అడగాల్సిన మాటలు నన్ను పక్కకు పిలిచి అడిగేవారు. ఒకామె మాత్రం నేరుగా ఆయన్నే నిలదీసింది.

"మేమైతే ఒడ్డెక్కుతం సారూ. పండ్లెట్ల ఎక్కుతయి? ఇంక పండనే లేదు. నీళ్ళొస్తే మా కష్టమంతా కొట్టుకపోతది."

ఆయన ఆ పాదులకేసి చూశాడు. "పండ్లు కోసుకోండమ్మా. అప్పటిదాకా గేటు ఎత్తను" అన్నాడు. పైవాళ్ళు తొందరపెట్టారట, కేకలేశారట. ఆయన మాట మార్చలేదు. కరెంటు స్టేషన్ పనులు ముందుకు జరిపి, గేటు ఎత్తే రోజును వెనక్కి నెట్టాడు.

మేం ఇంటికి తిరిగొచ్చాక, కాయలన్నీ ఒడ్డుకు చేరాయని తెలిసి మళ్ళీ డ్యాంకు వెళ్ళాం. ముందురోజే డప్పు చాటింపు వేయించారు. సైరన్ మోగింది. ఈసారి జనం వరసగా ఒడ్డెక్కుతుంటే నా గుండె నిండిపోయింది. అంతలో దూరంగా మడుగులో ఒక బర్రె, దాన్ని లేపలేక అవస్థపడుతున్న ఒక అవ్వ కనబడ్డారు. నేను చూపించేలోపే మా ఆయన మెట్లు దిగి ఇసుకలో పరుగెత్తుతున్నారు.

గేటు దగ్గరి మనుషులకు ఆగమన్నట్టు ఇంజనీరు చెయ్యెత్తాడు. నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. కింద అవ్వ బర్రెను తిడుతోంది, మా ఆయన వెనకనుంచి నెడుతున్నారు. అది తాపీగా లేచి, ఒళ్ళు దులుపుకుని, తీరిగ్గా నడిచింది. వాళ్ళు ఒడ్డుకు చేరి, నేను ఆయన్ని కళ్ళారా చూసి, "ఆఁ, వచ్చేశారు" అనేదాకా ఇంజనీరు ఆ చెయ్యి దించలేదు.

గేటు పెద్దగా మూలుగుతూ లేచింది. నీళ్ళు వచ్చి, ఇందాకటి మడుగును, పాదుల గుంతలను కలుపుకుని వెళ్ళిపోయాయి. మళ్ళీ గేటు దిగి సరిగ్గా కూర్చున్నాక, ఇంజనీరు మా ఆయన్ని గట్టిగా కౌగిలించుకున్నాడు.

నిలదీసిన ఆ పాదులామె నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుని కర్బూజ కోసి పెట్టింది. "తిను అక్కా, మొగం గట్ల పాలిపోయిందేంది" అంది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. తింటూనే ఏడ్చాను. ఆమె నా వీపు నిమిరింది.

వానలకు ముందే గేట్లన్నీ బాగయ్యాయి. ఆ ఏడు వరద వచ్చినా ఏటి ఒడ్డున ఎవరికీ ఏమీ కాలేదని ఇంజనీరు మా దుకాణానికి వచ్చి చెప్పి, చాయ్ తాగి వెళ్ళాడు. ఆ తర్వాత ఆయనకు బదిలీ అయింది, మేం మళ్ళీ చూడలేదు. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.