మాటలున్న పులి

పోలీసు చర్య అయ్యాక మోత్కూరు దగ్గర మా ఊళ్లో బడి మళ్లీ తెరిచారు. అంతవరకు ఉర్దూలో సాగిన చదువు తెలుగులోకి మారింది. కొత్త పంతులు వచ్చాడు గానీ పుస్తకాలు రాలేదు.

"అవి వచ్చేదాంక నాటకం ఆడుదాం" అన్నాడాయన.

గాజులు తొడిగించుకోవడానికి సంతకొచ్చిన పులి కథ ఒకటి తనే అల్లాడు. నా గొంతు పెద్దదని నన్ను పులిని చేశాడు. ఎగిరి గంతేశాను. తీరా చూస్తే పులికి గాండ్రింపే తప్ప ఒక్క మాటా లేదు! గాజులమ్మే పిల్లకేమో బోలెడు మాటలు.

"నాగ్గూడ మాటలు గావాలె పంతులూ."

"నువ్వే రాస్కొని రా, పెడత."

నాకు తెలుగు అక్షరాలే సరిగా రావు. పంతుల్ని అడిగి ఒక్కొక్కటే నేర్చుకుంటూ, బొగ్గుముక్కతో ఇంటి గోడలన్నీ నింపేశాను. బాపు మండిపడి నన్ను రెక్క పట్టుకుని బడికి లాక్కెళ్లాడు.

"గిదేం సదువు పంతులూ? పొల్లను పంపింది సదువుకోనీకా, గోడలు కరాబ్ చేయనీకా?"

"నాటకం నాడు వచ్చి సూడన్నా" అని నవ్వాడు పంతులు.

ఆ రోజు ఊరంతా బడి ముందు కూర్చుంది. ఒంటినిండా ఎర్రటి జాజుమట్టి పూత, బొగ్గు చారలు, వెనక తాడు తోక. పూనకం వచ్చినట్టు గాండ్రించాను. దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్ల కోసం వెతుకుతూ ఊరి బయట గుడారాలు వేసుకున్న మిలిట్రీవాళ్లు ఆ అరుపు విని తుపాకులతో పరుగెత్తుకొచ్చారు. జనం బిగుసుకుపోయారు. ముందున్న సిపాయి నన్ను చూశాడు, నా తోక చూశాడు, పకపకా నవ్వాడు. తుపాకి ఒళ్లో పెట్టుకుని ముందు వరసలోనే చతికిలబడి, కానివ్వమని చెయ్యూపాడు.

పులి చేతికి ఏ గాజూ పట్టక, గాజులమ్మే పిల్ల చివరికి బండిచక్రం దొర్లించుకొచ్చింది. నేను నడుం మీద చేతులు పెట్టుకుని నా మాట అందుకున్నాను.

"ఓ పిల్లా, గిది తొడుగుతె ఎడ్లు నా ఎంబడి రావా?"

జనం గొల్లుమన్నారు. భాష రాని సిపాయి కూడా వాళ్లను చూసి నవ్వాడు. వెనక నుంచి బాపు లేచి నిలబడి, "గా మాట నా బిడ్డె రాసింది! సొంతంగ రాసింది!" అని కేకలు. పక్కవాళ్లు చొక్కా పట్టి గుంజినా కూర్చోడే!

ఇంటికెళ్లాక అమ్మ స్నానానికి పిలిస్తే నేను పోలేదు. చారలతోనే అన్నానికి కూర్చున్నాను. బాపు నా నోట్లో ముద్ద పెడుతూ, "మళ్లొక్కసారి అను బిడ్డా" అన్నాడు. అడిగినప్పుడల్లా అన్నాను. నవ్వలేక అమ్మ కడుపు పట్టుకుంది.