మేకపిల్ల ఊ కొట్టాలి

మా వీడియో గేమ్‌లో అవ్వ పాత్రకు గొంతు వెతికిన ఆదివారం, నేను గది తలుపు మీద నాలుగు నియమాలు రాసి అతికించాను. ఫ్యాన్ వేయకూడదు. ఫోను లోపలికి తేకూడదు. గాజులు చప్పుడు కాకూడదు. మాట్లాడే మనిషి, రికార్డు చేసే మేము తప్ప ఇంకో మనిషి లోపల ఉండకూడదు. మొదటి మూడూ సరైనవే. నాలుగోది మా ఆటను ముంచబోయింది.

ముందు ఆట సంగతి చెప్పాలి. కర్నూలులో ఇంజినీరింగు కలిసి చదివిన మేమిద్దరం, నేనూ ఆత్మకూరు నుంచి వచ్చిన నా స్నేహితుడూ, ఉద్యోగాలు చేసుకుంటూ సెలవు రోజుల్లో తయారు చేస్తున్న ఆట అది. అందులో ఆడేవాళ్లే ఒక మేకపిల్ల. మంద నుంచి తప్పిపోయి రాళ్ల గుట్టల్లో దారి వెతుక్కుంటూ ఉంటుంది. ప్రతి మలుపు దగ్గరా ఒక అవ్వ కూర్చుని కనిపిస్తుంది. ఆమె దారి చెప్పదు, కథ చెబుతుంది. కథలో నక్క ఏ చెట్టు పక్క నుంచి పోయిందో మేకపిల్ల కూడా అటే పోవాలి. శ్రద్ధగా విన్నవాళ్లు ఇల్లు చేరతారు.

బొమ్మలు, కథలు, శబ్దాలు నా పని. ఆటను నడిపే ప్రోగ్రాం వాడి పని. మేకపిల్లకు వాడు నాలుగు బటన్లు పెట్టాడు: నడక, గెంతు, మేత, అరుపు. అరుపు బటన్ నొక్కితే మేకపిల్ల "మ్మే" అంటుంది. దానివల్ల ఆటలో ఏమీ జరగదు.

"ఏంటికి రా ఇది?" అని అడిగితే, "మేక అన్నంక అరవొద్దా?" అన్నాడు.

అవ్వ గొంతు దగ్గరే మా ఇద్దరికీ తగాదా వచ్చింది. వాడు కంప్యూటరు చేత మాట్లాడించిన ఆడగొంతు ఒకటి తెచ్చాడు. తప్పు లేకుండా చదువుతుంది, దగ్గదు, అలసిపోదు. వింటే మాత్రం రైల్వే స్టేషన్లో నిలబడినట్టు ఉంటుంది. అవ్వ మాటల్లో సగం మా నాయనమ్మవి, జేజి అనేవాళ్లం. ఆమె పోయేనాటికి ఆమె కథ ఒక్కటీ ఎవరమూ రికార్డు చేసి పెట్టుకోలేదు. ఆ మాటలను యంత్రం నోట వినడం నా వల్ల కాలేదు. చివరికి ఒప్పందానికొచ్చాం. ఆదివారం సాయంత్రంలోగా మనిషి గొంతు దొరికితే సరి, లేకపోతే యంత్రమే.

తెలిసిన వాట్సాప్ గుంపులన్నిటికీ ప్రకటన పంపాను. కింద రాసిన నక్క కథను అవ్వలా చెప్పి వాయిస్ మెసేజ్ పెట్టండి, నచ్చినవాళ్లను పిలుస్తాం, డబ్బులు ఇవ్వలేము, ఉగ్గాని బజ్జీ పెడతాము అని. వచ్చిన మెసేజ్‌లన్నిటినీ చప్పుడు తీసేసే ప్రోగ్రాంలో వేసి కడిగాను. అది పెద్దగా వినిపించే గొంతును ఉంచి మిగతాదంతా చెరిపేస్తుంది. అట్లా కడిగిన గొంతులకు స్పష్టత, ఊపిరి, యాస, ముసలితనం, హాస్యం అనే అంశాల కింద మార్కులు వేసి కొందరిని పిలిచాను.

మా ఇంటి మిద్దె మీది సామాన్ల గదిలో గోడలకు పరుపులు నిలబెట్టి మైకు పెట్టాం. ఎండలు ముదిరిన కాలం. ఫ్యాన్ ఆపితే ఆ గది అన్నం వండే అటిక కింద పొయ్యి. లోపలికి వెళ్లినవాళ్లు బయటికి వచ్చేసరికి స్నానం చేసినట్టు ఉండేవాళ్లు. కింద మా అమ్మ ఉగ్గానికి బొరుగులు నానబెడుతూ వచ్చినవాళ్లందరికీ మజ్జిగ ఇస్తోంది.

మొదట వచ్చినాయన మంత్రాలయంలో యాత్రికులకు మైకులో ప్రకటనలు చెప్పే మనిషి. గొంతు గంటలాంటిది. ఆయన నోట నక్క కథ ఇట్లా వచ్చింది: "ఒక నక్క... తన తోకను... ముళ్లపొదలో పోగొట్టుకున్నది." ఆ తోక దొరికినవాళ్లు కార్యాలయంలో అప్పగించవలెను అని కూడా అంటాడేమోనని మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం.

తర్వాత కర్నూలు పాతబస్తీ యువకుడొకడు వచ్చాడు. వాకిట్లో నిలబడి వాళ్లమ్మతో ఫోనులో, "వచ్చేస్తాండా మా, ఉల్లిగడ్డలు తెస్తా లే, మల్ల ఏమన్నా కావల్నా?" అన్నాడు. ఆ గొంతు ఎంత బాగుందో. మైకు ముందుకు రాగానే మీసం మీద చెయ్యి వేసి గర్జించాడు. సినిమాలో సీమవాళ్లు మాట్లాడతారే, అది. పుట్టింది కర్నూలులో, పెరిగింది కర్నూలులో, సీమ యాసలో చెప్పమంటే మాత్రం సినిమావాళ్ల సీమ.

"అప్పా, అవ్వ గదా," అన్నాను.

"అవ్వకు మాత్రం పౌరుషం ఉండదా అన్నా?"

మా స్నేహితుడు నవ్వు ఆపుకోలేక పరుపులో ముఖం దాచుకున్నాడు. తర్వాత కుర్చీ నా దగ్గరికి జరుపుకుని, "నా యంత్రం మీసం తిప్పదప్పా," అన్నాడు.

నా ఆశంతా ఒకామె మీద ఉంది. ప్రొద్దుటూరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన పెద్దామె. ఆమె పంపిన మెసేజ్ అన్ని అంశాల్లోనూ మొదటిది. వినగానే మా జేజి గుర్తొచ్చి ఇంకోసారి పెట్టుకుని విన్నాను. ఆమె మధ్యాహ్నం భర్తతో కలిసి బస్సు దిగి వచ్చింది. మళ్లీ సాయంత్రం బస్సుకు పోవాలి. భర్తను నాలుగో నియమం ప్రకారం కిందనే కూర్చోబెట్టాం. గాజులు తియ్యమని అడిగితే, "ఆయప్ప కింద గుండ్రాయి మాదిరి కూర్చోనుంటే నేను గాజులు తీయల్నా? బాగుండాది నాయనా నీ సదువు," అంది. గాజులు మోచేతి దాకా తోసి చేతిరుమాలు కట్టాం.

"ఇంగ చెప్పు పెద్దమ్మా."

ఆమె చెప్పింది. ఒక వాక్యం చెప్పి ఆగింది. నా వైపు చూసింది. నేను చప్పుడు కాకూడదని ఊపిరి బిగబట్టి బొమ్మలా కూర్చున్నాను. ఇంకో వాక్యం చెప్పి, మళ్లీ ఆగి, గోడ పరుపు వైపు చూసింది. నక్కకు తోక పోయిన సంగతిని కరెంటు బిల్లు చదివినట్టు చదివి ముగించింది.

నేను ఇంజినీరింగులో నేర్చుకున్న పద్ధతి ఒకటే: తేడా వస్తే ఒక్కొక్కటే మార్చి చూడు. మైకు దూరం జరిపాను. తేడా లేదు. కాగితం తీసేశాను. లేదు. కుర్చీ తీసి చాప వేశాను. లేదు. నియమం నంబరు ఒకటిని మీరి ఫ్యాన్ కూడా వేశాను. హాయిగా ఉందంది గానీ కథ మారలేదు.

"నాకు చాత కావడంలే నాయనా," అంది పెద్దమ్మ చెమట తుడుచుకుంటూ. "ఇంట్లో అయితే బాగనే వచ్చింది. ఈడ గోడకు చెప్పినట్లుండాది."

మా స్నేహితుడు గడియారం చూపించాడు. వాడి ముఖంలో గెలుపు లేదు పాపం, వాడికీ ఆమె గొంతు నచ్చింది.

ఇంట్లో చెప్పినదానికీ ఇక్కడ చెప్పినదానికీ తేడా ఏమిటి? తలుపు బయట పెట్టిన ఫోను తెచ్చి ఆమె మెసేజ్ మళ్లీ పెట్టాను. ఈసారి తొందరలో కడిగిన ఫైలుకు బదులు ఆమె పంపిన అసలుది వేలికి తగిలింది. ఫ్యాను మోత, కుక్కరు కూత, వీధిలో ఎవరిదో బండి. వాటి మధ్య, ఆమె వాక్యం ముగిసిన ప్రతిచోటా, వెనకనుంచి మగగొంతు ఒకటి:

"ఊ."

"ఒక రోజు ఆ నక్క ఏం చేసిందంటే..."

"ఊ."

"తోక ఊపుకుంటా రేణిచెట్టు కాడికి పోయింది."

"ఊఁ?"

శుభ్రం చేస్తున్నానని ఆ ఊలన్నిటినీ నేనే చెరిపేశాను. చెరిపేసి, వాటిని అన్న మనిషిని కింద ఉగ్గాని ముందు కూర్చోబెట్టాను.

"పెద్దమ్మా, నువ్వు కథ చెప్తాంటే పెదనాయన ఊ కొడతాడా?"

"కొట్టకపోతే ఎట్ల చెప్పేది?" అని నన్ను వింతగా చూసింది. అప్పుడు చెప్పింది. వాళ్లది నేతపని చేసిన ఇల్లు. ఆయన గుంట మగ్గంలో దిగి నేస్తుంటే ఆమె పక్కన కూర్చుని కండెలకు నూలు చుడుతూ కథలు చెప్పేది. రెండు చేతులూ రెండు కాళ్లూ పనిలో ఉన్న మనిషి తల తిప్పి చూడలేడు. మగ్గం మోతలో కథ ఆయన చెవిన పడుతున్నదీ లేనిదీ ఊ వింటేనే ఆమెకు తెలిసేది. ఇప్పుడు మగ్గం లేదు, చిన్న అంగడి ఉంది. అంగడిలోనూ అంతే. "ఊ అనకపోతే నోరు కదలదు నాయనా. అలవాటు."

నేను మెట్లు రెండేసి దిగాను. పెదనాయన బజ్జీ నోట్లో పెట్టుకుని ఉన్నాడు.

"పైకి రా పెదనాయనా, నీతో పనుండాది."

"నాతోనా? నాకు ఆటలు రావప్పా."

"ఊ కొట్టేది వస్తాదా?"

ఆయన బజ్జీ మింగి, చెయ్యి తుడుచుకుని, "అది తప్ప ఇంగేం రాదు," అన్నాడు.

ఆయనను తలుపు పక్కన కూర్చోబెట్టి ఆయనకూ వేరే మైకు పెట్టాను. ఆమె మాట పూర్తిగా ముగిసినాకనే ఊ అనాలని చెబుతుంటే, "నలభై ఏండ్లుగా కొడతాండా. నువ్వు నేర్పిస్తావా?" అన్నాడు.

తర్వాత జరిగినదానికి నా మార్కుల పట్టికలో గడి లేదు. పెద్దమ్మ కాగితం వైపు చూడనే లేదు. నక్కకు తోక మీద ఉన్న గర్వం ఆమె మెడలోకి వచ్చింది. ఆయన ఊ కూడా ఒక్క రకంగా లేదు. నక్క బయల్దేరితే పొడుగు ఊ. ముళ్లపొద దగ్గరికి పోతే పైకి లేచే ఊ. తోక ఇరుక్కుంటే ఊ బదులు "అయ్యో!" ఆ అయ్యోకు ఆమె రెచ్చిపోయి, నేను రాయని కాకిని ఒకదాన్ని తెచ్చి నక్కను వెక్కిరింపజేసింది. మా స్నేహితుడు యంత్రం గొంతు ఉన్న తన ల్యాప్‌టాప్ మూత దించేసి వింటున్నాడు.

కథ అయ్యాక వాడే అన్నాడు. "అద్భుతం. కానీ ఈమె మైకులో చప్పుడు లేని జాగాల్లో ఏం పెడదాం? ఈమె ప్రతి మాటకూ ఆగుతాండాది. ఆటలో ఊ కొట్టేదానికి ఎవురుండారు? ఉండేది మేకపిల్ల..."

పనికిరాని అరుపు బటన్ ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. అవ్వ వాక్యం చెప్పి ఆగుతుంది. ఆడేవాళ్లు బటన్ నొక్కాలి. మేకపిల్ల "మ్మే" అనాలి. అప్పుడే కథ ముందుకు పోతుంది.

"నొక్కకపోతే?" అన్నాడు వాడు.

నొక్కకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి నేను పెద్దమ్మను ఇంకో కథ చెప్పమని, ఆమెకు తెలియకుండా పెదనాయనకు నోటి మీద వేలు పెట్టి సైగ చేశాను. ఆయన కన్ను గీటి పెదవులు బిగించాడు. పెద్దమ్మ ఒక మాట చెప్పింది. ఆగింది. ఇంకో మాట చెప్పింది. ఆగింది. తల తిప్పింది.

"ఏం, ఇంటాండావా, పండుకుంటివా? తిన్న ఉగ్గాని కండ్లకెక్కిందా? నేనేమన్నా గోడకు చెప్తాండానా?"

పెదనాయన భుజాలు కదిలిపోతున్నాయి. నేను రికార్డు ఆపి దండం పెట్టాను. అట్లాంటి మాట నేను ఎన్నేళ్లు కూర్చున్నా రాయలేను.

బస్సుకు ఇంకా సమయం ఉంది. అమ్మ వాళ్లను కదలనివ్వకుండా జొన్నరొట్టె కొడుతోంది. ఆలోగా మా స్నేహితుడు ఆ మాటలు ఒక్క మలుపు వరకు ఆటలో పెట్టి, అరుపు బటన్‌ను కథకు ముడివేశాడు. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని తనే ఆడటానికి కూర్చున్నాడు. పెద్దమ్మకూ పెదనాయనకూ వినపడాలని నేను చిన్న స్పీకరు కూడా తగిలించాను. తెరమీద మేకపిల్ల వెళ్లి అవ్వ ముందు నిలబడింది. "ఒక రోజు ఆ నక్క ఏం చేసిందంటే..." అంది అవ్వ.

"ఊ," అన్నాడు వాడు.

నోటితో అన్నాడు. చేతులు బటన్ల మీదే ఉన్నాయి గానీ ఏదీ నొక్కలేదు. అవ్వ కాసేపు చూసి అందుకుంది. "ఏం, ఇంటాండావా, పండుకుంటివా?"

"లే అవ్వా, ఇంటాండా, ఇంటాండా. చెప్పు."

వెనక నిలబడిన పెద్దమ్మ నోరు తెరిచి చూసింది. "ఆ పిల్లోడు ఎవురితో మాట్లాడతాండాడు?" అని మెల్లగా అడిగింది.

"నీతోనే," అన్నాడు పెదనాయన. వెళ్లి వాడి భుజం తట్టి చెప్పాడు. "గట్టిగా కొట్టల్ల నాయనా. ఈమెకు సన్నగా అంటే చెవికి ఆనదు."